వీడియో అయిపోయాక ఏం అడగాలి?

మా బడికి ఏటా బీఈడీ వాళ్లు ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. వాళ్లు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని అబ్జర్వేషన్ షీటు నింపడం నా పని. ఒకసారి ఒకమ్మాయి 8వ తరగతికి చంద్రకళలు చెప్పింది. గోడకున్న ఐఎఫ్‌పీ (వేలితో తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఆన్ చేసి, ముందే వెతికి పెట్టుకున్న ఏడు నిమిషాల వీడియో వేసింది. వీడియో బాగుంది. మంచి బొమ్మలు, వెనక సంగీతం, స్పష్టమైన తెలుగు. పిల్లలు కిక్కురుమనకుండా చూశారు. అయిపోయాక "అర్థమైందా?" అని అడిగింది. "అయింది టీచర్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అన్నారు.

షీటులో 'టెక్నాలజీ వినియోగం' అనే గడిలో మార్కులు వేయబోతూ, ఎందుకో ఆగి, నా పక్కన కూర్చున్న పిల్లాణ్ణి మెల్లగా అడిగాను. "అమావాస్య రోజు చందమామ ఎందుకు కనపడడురా?" వాడు క్షణం కూడా తడుముకోలేదు. "భూమి నీడ పడుతుంది కద సార్" అన్నాడు.

భూమి నీడ పడితే అది చంద్రగ్రహణం. చంద్రకళలకూ దానికీ సంబంధం లేదు. వీడియోలో కూడా ఎక్కడా అలా చెప్పలేదు. కానీ పిల్లాడి బుర్రలో ఆ నీడ అంతకుముందే ఉంది, వీడియో దాన్ని కదపకుండా పైనుంచి వెళ్లిపోయింది. సైన్స్ చెప్పేవాళ్లకు ఇది కొత్త కాదు. ఏ దేశంలోనైనా పిల్లలు, ఆమాటకొస్తే పెద్దలు కూడా, ఇదే తప్పు చెబుతారు.

ఆ అమ్మాయికి టెక్నాలజీ రాదని ఎవరూ అనలేరు. ఆ తెరను నాకంటే బాగా వాడింది. చంద్రకళల గురించి ఆమెకు తెలుసు. క్లాసును అదుపులో పెట్టడమూ వచ్చు. మూడూ ఉండి పాఠం ఎందుకు కుదరలేదు? రాబోయే టీచర్లను డిజిటల్ చదువుకు తయారుచేయడం గురించి మాట్లాడేటప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. 'కంప్యూటర్ శిక్షణ ఎన్ని గంటలు ఇచ్చారు' అన్నది దాని తర్వాతి సంగతి.

1986లో అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ ఒక తేడాను ఎత్తి చూపించాడు. విషయం తెలియడం ఒకటి, పాఠం చెప్పే పద్ధతులు తెలియడం ఇంకొకటి. ఈ రెండూ కలిసేచోట మూడో తెలివి ఒకటుంది. ఫలానా విషయం దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారు, ఏ ఉదాహరణ వాళ్లకు అందుతుంది, ఏది వాళ్లను ఇంకా గందరగోళంలోకి నెడుతుంది అన్నది తెలియడం. ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవాళ్లకు ఇది ఉండాలని లేదు. ముప్ఫై ఏళ్లుగా 8వ తరగతికి చెబుతున్న ఒక మామూలు టీచరుకు ఉండొచ్చు. 2006లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ దీనికి టెక్నాలజీని కలిపారు. ఏ పరికరం ఏ విషయంలోని ఏ చిక్కును విప్పుతుందో తెలియడం దానంతట అదే ఒక తెలివి అని వాళ్ల వాదన. దానికి టీప్యాక్ అని పేరు. విషయం, బోధన, టెక్నాలజీ అని ఒకదాన్నొకటి కోసుకునే మూడు వలయాల బొమ్మ ఇప్పుడు బీఈడీ గైడుల్లో కూడా ఉంటుంది. పరీక్షలో అడిగితే అందరూ చక్కగా గీస్తారు.

గీయడం వల్ల ఏమీ రాదు. చందమామ దగ్గరికే మళ్లీ వెళ్దాం.

నీడ అనే పొరపాటు ఉందని టీచరుకు ముందే తెలిసి ఉంటే, పాఠం వీడియోతో మొదలవదు. వినాయక చవితితో మొదలవుతుంది. ఆ రోజు చంద్రుణ్ణి చూడకూడదంటారు కాబట్టి మన పిల్లలందరికీ ఆయన ఎక్కడుంటాడో బాగా తెలుసు. పొద్దుగూకాక కాసేపు పడమటి వైపు సన్నటి నెలవంక. "సూర్యుడు అప్పుడే పడమర దిగాడు. మరి ఆ సమయంలో భూమి నీడ ఏ వైపు పడుతుంది?" నీడ ఎప్పుడూ వెలుగుకు ఎదురువైపు పడుతుందని ఎండలో నిలబడ్డ ప్రతి పిల్లాడికీ తెలుసు. కాబట్టి తూర్పు వైపు. చంద్రుడేమో పడమర ఉన్నాడు. నీడ అంతదూరం వెనక్కి తిరిగి ఎలా వస్తుంది? క్లాసు ఇక్కడ నిజంగా ఇరుక్కుంటుంది. ఇరుక్కోవాలి కూడా.

అప్పుడు తెర అవసరం పడుతుంది. స్టెల్లేరియం అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మన ఊరు, తేదీ, సమయం పెడితే అప్పటి ఆకాశం చూపిస్తుంది. కంప్యూటర్‌లో ఒకసారి వేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. అందులో నేలను మాయం చేసే బటన్ ఉంది. చవితి సాయంత్రం పెట్టి ఆ బటన్ నొక్కితే, దిగిపోయిన సూర్యుడు నేల కిందుగా కనపడతాడు. చంద్రుడికి వెలుగున్న వైపు సరిగ్గా ఆ సూర్యుడి వైపే తిరిగి ఉంటుంది. తర్వాత రోజుకో అడుగు చొప్పున ముందుకు జరిపితే అష్టమి, పున్నమి వరుసగా వస్తాయి. పున్నమినాడు ఇటు సూర్యుడు దిగుతుంటే అటు చంద్రుడు లేస్తాడు. పదిహేను రోజులు డాబా ఎక్కి చూడాల్సింది మూడు నిమిషాల్లో చూడొచ్చు. నేలను మాయం చేయడం మాత్రం ఏ డాబా మీద నిలబడ్డా కుదరదు.

'ఎందుకు' అన్నదానికి మాత్రం తెర అక్కర్లేదు. చీకటి గదిలో ఒక బల్బు, పిల్లాడి చేతిలో ఒక బంతి చాలు. బంతిని చేయి చాచి పట్టుకుని తన చుట్టూ తాను తిరిగితే కళలన్నీ వాడి చేతిలోనే పుడతాయి. ఆ ఏడు నిమిషాల వీడియో? ఉంటే చివర్లో వేసుకోవచ్చు. లేకపోయినా నష్టం లేదు.

ఏది తెర మీద, ఏది చేత్తో, ఏది మాటతో అన్న ఈ నిర్ణయమే డిజిటల్ బోధనలో అసలు నైపుణ్యం. పరికరాన్ని ఎక్కడ వాడకూడదో తెలియడం కూడా అందులో భాగమే. మరి మన శిక్షణలో ఇది ఎక్కడ నేర్పుతున్నాం?

కాగితం మీద చూస్తే బాగానే ఉంది. టీచర్ల శిక్షణను నియంత్రించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ తెచ్చిన 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లదయింది. ఇంటర్న్‌షిప్ 20 వారాలకు పెరిగింది. వృత్తి సామర్థ్యం పెంచడానికని కొత్తగా వచ్చిన నాలుగు ఈపీసీ కోర్సుల్లో ఒకటి 'క్రిటికల్ అండర్‌స్టాండింగ్ ఆఫ్ ఐసీటీ'. ఐసీటీ అంటే సమాచార, కమ్యూనికేషన్ టెక్నాలజీ. పేరులోనే 'క్రిటికల్' అని ఉంది, అంటే పరీక్షించి, ప్రశ్నించి వాడటం. చాలాచోట్ల ఆ కోర్సులో జరిగేది మాత్రం కంప్యూటర్ భాగాలు, ఇన్‌పుట్ అవుట్‌పుట్ పరికరాలు, వర్డ్‌లో ఒక పేజీ, పది స్లైడుల పవర్‌పాయింట్, వాటన్నిటి స్క్రీన్‌షాట్లు అతికించిన రికార్డు. మా బడికి వచ్చిన ఒకరి రికార్డులో సీపీయూ బొమ్మను స్కెచ్ పెన్నుతో ఎంతో ఓపిగ్గా గీశారు. చేతిలో స్మార్ట్‌ఫోన్ పట్టుకుని పెరిగిన తరానికి మౌస్ అంటే ఏమిటో నిర్వచనం రాయిస్తున్నాం.

ఇందులో అసలు చిక్కు సిలబస్ పాతబడటం కాదు. ఐసీటీ ఒక గదిలో, మెథడ్ (ఒక్కో సబ్జెక్టును ఎలా చెప్పాలో నేర్పే పేపరు) ఇంకో గదిలో ఉండటం. ఐసీటీ చెప్పేవారికి చంద్రకళల దగ్గర పిల్లలు ఎక్కడ పొరపడతారో తెలియదు. బయోసైన్స్ మెథడ్, లెక్కల మెథడ్ చెప్పేవారు తెరను ముట్టుకోరు. ఆ రెండింటినీ అతికించుకునే పని 22 ఏళ్ల ఛాత్రోపాధ్యాయురాలి నెత్తిన పడుతుంది. ఆమెకు తెలిసిన సులభమైన అతుకు యూట్యూబ్. ఆమె తప్పేముంది?

మన దగ్గర ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్స్ బోధనలో శిక్షణ కూడా ఆ ప్రయోగంలో భాగం. టీవీలో పాఠం చూడటం, తర్వాత చేత్తో ప్రయోగాలు చేయడం, పక్కవాళ్లతో చర్చించడం కలిపి చేశారు. యాభై ఏళ్ల కిందటి ఈ అమరిక మనం ఇప్పుడు జూమ్‌లో ఇస్తున్న చాలా శిక్షణలకంటే తెలివైనదని నా అభిప్రాయం. తర్వాత 1984లో క్లాస్ ప్రాజెక్టు పేరుతో బీబీసీ మైక్రో కంప్యూటర్లు కొన్ని హైస్కూళ్లకు వచ్చాయి. 2004 చివర్లో కేంద్రం ఐసీటీ పథకం మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబులు వచ్చింది ఆ దారిలోనే. వాటిని ప్రైవేటు ఏజెన్సీలకు ఒప్పందం మీద అప్పగించారు. కంప్యూటర్లు వాళ్లవే, కంప్యూటర్ చెప్పే మనిషీ వాళ్లు పెట్టుకున్న మనిషే.

ఈ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది, ల్యాబు త్వరగా వస్తుంది. ఒక నష్టమూ ఉంది. కంప్యూటర్ గది తాళంచెవి ఏజెన్సీ మనిషి దగ్గర ఉంటుంది కాబట్టి లెక్కల మాస్టారికి, సోషల్ మేడమ్‌కి ఆ గదితో పనిపడదు. ఒప్పందం ముగిశాక ఆ మనిషి వెళ్లిపోతారు, గది గోడౌన్ అవుతుంది. కొన్నేళ్లు పాత బల్లల మధ్య కవర్లు కప్పుకున్న మానిటర్లు చూడని హైస్కూలు టీచరు అరుదు.

అదే కాలంలో కేరళ ఇంకో దారి పట్టింది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ ప్రాజెక్టు బయటి మనుషులను తేలేదు. బడిలో ఉన్న సబ్జెక్టు టీచర్లనే తీసుకుని, వాళ్లలోంచే శిక్షకులను తయారుచేసింది. లెక్కలు నేర్పే జియోజెబ్రా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడింది కాబట్టి టీచర్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లి నేర్చుకున్నారు, తమ అవసరానికి మలచుకున్నారు. 2017లో అది కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. 2024లో ఏఐ శిక్షణ మొదలుపెట్టినప్పుడు కూడా ఆ యంత్రాంగమే పనికొచ్చింది. కేరళలో అంతా బంగారమని చెప్పబోవడం లేదు. తాళంచెవి ఎవరి చేతికి ఇవ్వాలన్న ఒక్క నిర్ణయం ఇరవై ఏళ్లలో ఎంత తేడా తెచ్చిందో చూడమంటున్నాను.

పరికరం దానంతట అది ఏమీ చేయదనడానికి పెద్ద ఉదాహరణ పెరూ. అక్కడి ప్రభుత్వం 'పిల్లాడికో ల్యాప్‌టాప్' పథకాన్ని భారీగా అమలుచేసింది. గ్రామీణ ప్రాంతాల్లోని 319 ప్రాథమిక బడులను తీసుకుని ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ చేసిన పరిశోధన 2012లో వెలువడింది. పిల్లల చేతుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, వాడకం పెరిగింది, లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు మాత్రం పెరగలేదు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. మంచి చెడ్డల మీద రాజకీయ వాదనలు చాలా జరిగాయి. ఆ ట్యాబు ఎదురుగా ఉన్నప్పుడు టీచరు ఏం చేయాలి అన్నదాని మీద అందులో పదోవంతు చర్చ కూడా జరిగినట్టు నాకు గుర్తులేదు.

ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే సంగతి ఒకటుంది, దాచిపెట్టడం బాగోదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి అయ్యాక కేంద్రాలకు వెళ్లి నాలుగున్నర నెలలు నేర్చుకున్న పిల్లలు లెక్కల్లో, హిందీలో చెప్పుకోదగ్గ ముందడుగు వేశారు. బడిలోని టీచరు పాత్ర అందులో దాదాపు లేదు. అయితే టీచర్ లేకుండా సాఫ్ట్‌వేర్ చాలా? పెరూలో పనిచేయనిది ఢిల్లీలో ఎందుకు పనిచేసింది?

మైండ్‌స్పార్క్ పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడని చూడదు. వాడి చదువు ఎక్కడ ఆగిపోయిందో చూస్తుంది. 8వ తరగతిలో కూర్చుని 4వ తరగతి భాగహారం దగ్గరే ఉండిపోయిన పిల్లాడికి ఆ భాగహారమే ఇస్తుంది. యాభై మంది క్లాసులో టీచరు చేయాలనుకుని చేయలేని పని అది. అంటే పెరూలో పెట్టె ఇచ్చారు, ఢిల్లీలో ఒక బోధనా సమస్యకు మందు ఇచ్చారు. రేపటి టీచరు నేర్చుకోవలసింది ఇక్కడ కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రిపోర్టును చదవడం, "ఈ ఏడుగురూ ఒకే రకం తప్పు చేస్తున్నారు" అని పట్టుకోవడం, ఆ ఏడుగుర్నీ మర్నాడు ఒక పక్కకు కూర్చోబెట్టడం. నేను చూసిన బీఈడీ ప్రాక్టికల్స్‌లో పిల్లల తప్పుల పట్టికను చదివి నిర్ణయం తీసుకోమని ఎవరూ అడగలేదు.

ఛాత్రోపాధ్యాయులు కాలేజీలో ఏం నేర్చుకున్నా, బడిలోకి వచ్చాక మమ్మల్ని చూసి నేర్చుకునేదే ఎక్కువ. మరి మా చేతుల్లో ఫోను వాళ్లకు ఎలా కనపడుతుంది? పొద్దున్నే ముఖ హాజరు. తర్వాత పిల్లల హాజరు. మధ్యాహ్న భోజనం వివరాలు. ఒక దశలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా. సర్వర్ బిజీ, మళ్లీ ప్రయత్నించండి. బడిలో డిజిటల్ అంటే అప్‌లోడ్ అన్న అర్థం స్థిరపడిపోయింది. ఇంటర్న్‌షిప్‌లో 20 వారాలు ఇది చూసినవాళ్లు రేపు ఉద్యోగంలో చేరాక టెక్నాలజీ అనగానే ఉత్సాహపడతారని ఆశించడం అత్యాశ. పైగా ఆ ఉద్యోగం తేవాల్సినవి టెట్, డీఎస్సీ. అవి బిట్ల పరీక్షలు. టీప్యాక్‌లో ఎన్ని వలయాలు అని అడగగలవు, ఏ బంతి ఏ బల్బు అని అడగలేవు. 2024లో తెలంగాణలో 11,062, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకు జరిగిన పోటీని చూసినవాళ్లెవరూ, బిట్లు వదిలి స్టెల్లేరియం నేర్చుకోమని ఆ పిల్లలకు చెప్పే ధైర్యం చేయరు.

అయినా ఇప్పుడున్న సిలబస్‌లోనే, పైసా ఖర్చు లేకుండా, మార్చగలిగింది ఒకటుంది. దానిపేరు మైక్రో టీచింగ్.

బీఈడీ చదివినవాళ్లందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాల ఫీడ్‌బ్యాక్, పన్నెండు నిమిషాలు మళ్లీ ప్రణాళిక, మళ్లీ ఆరు నిమిషాల పాఠం, మళ్లీ ఆరు నిమిషాల ఫీడ్‌బ్యాక్. మొత్తం 36 నిమిషాల చక్రం. ప్రశ్నలు వేసే నైపుణ్యం, వివరించే నైపుణ్యం, నల్లబల్ల నైపుణ్యం. చాలామందికి అదొక తంతు. తోటివాళ్లే పిల్లల్లా నటిస్తారు, "చాలా బాగా చెప్పారు, గొంతు కొంచెం పెంచాలి" అని రాసేస్తారు, నేను కూడా అలాగే రాసినవాణ్ణే.

1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ అలెన్ బృందం దీన్ని కనిపెట్టినప్పుడు దానికి ఆయువుపట్టు వీడియో రికార్డర్. అప్పుడప్పుడే వచ్చిన ఆ యంత్రంతో కొత్త టీచరు పాఠాన్ని రికార్డు చేసి, ఆమెకే చూపించేవారు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ యంత్రం కొనే స్తోమత కాలేజీలకు లేదు. నిమిషాల లెక్క మిగిలింది, కెమెరా రాలేదు. ఇప్పుడు క్లాసులో ఉన్న ప్రతి ఛాత్రోపాధ్యాయుడి జేబులోనూ ఆనాటి స్టాన్‌ఫర్డ్ కెమెరా కంటే మంచి కెమెరా ఉంది. దాన్ని ఆఫ్ చేసి బ్యాగులో పెట్టమని చెప్పి, మైక్రో టీచింగ్ మొదలుపెడుతున్నాం!

ఫోనును బెంచీ మీద పుస్తకాలకు ఆనించి నిలబెట్టి పాఠం రికార్డు చేసుకుని, మెథడ్ లెక్చరర్‌తో కలిసి చూడటం. ఇది ఐసీటీ కోర్సు కాదు, ఏ రికార్డులోనూ రాదు. డిజిటల్ పరికరం తన చదువుకు ఏం చేయగలదో తనే అనుభవించిన టీచరు, పిల్లల చదువుకు దాన్ని ఎలా వాడాలో ఆలోచించగలదు. ఒక్క జాగ్రత్త. నిజమైన క్లాసులో తీసేటప్పుడు కెమెరా టీచరు వైపే ఉండాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కగడుతుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పిల్లల ముఖాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేసే మా అలవాటు కొత్తవాళ్లకు అంటకపోతే మేలు.

లెసన్ ప్లాన్ల సంగతీ ఇంతే. సీనియర్ల రికార్డు చూసి రాయడం మన సంప్రదాయం, ఇప్పుడు చాట్‌జీపీటీ చూసి రాస్తున్నారు. నిషేధిస్తే ఆగదు. ఏఐ రాసిన ప్రణాళికనే తెచ్చి, మన పిల్లల ముందు అది ఎక్కడ విరిగిపోతుందో ఎర్ర పెన్నుతో గుర్తించమనాలి. క్లాసులో కరెంటు ఎప్పుడు పోతుందో, 'నెలవంక' ఏ పిల్లాడికి తెలుసో, 'క్రెసెంట్' ఏ పిల్లాడికి తెలుసో ఏఐకి తెలియదు. ఆ ఎర్ర గుర్తులకే మార్కులు వేయాలి.

చంద్రకళల అమ్మాయికి మర్నాడు ఇంకో సెక్షన్‌లో అదే పాఠం ఉంది. "అమ్మా, ఈసారి నీ ఫోను ఇటు పెట్టు" అని బల్ల మీద నేనే నిలబెట్టాను. పాఠం అయ్యాక స్టాఫ్ రూములో కూర్చుని చూశాం. మొదట తన గొంతు తనకే నచ్చక చెవులు మూసుకుంది. తర్వాత ఒకచోట ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసింది. మేం అనుకున్న చవితి చందమామ ప్రశ్న బాగానే అడిగింది. కానీ అడిగిన వెంటనే జవాబు కూడా తనే చెప్పేసింది.

టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవు పెరిగి, మాట్లాడే పిల్లల సంఖ్య కూడా పెరుగుతుందని అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే చూపించింది. అది నేను ఆమెకు చెప్పలేదు. ఆ అమ్మాయి తనే ఫోనులో స్టాప్‌వాచ్ తెరిచి, ఆ వీడియోలోని ప్రశ్నలన్నిటికీ సమయం కొలిచింది. తొమ్మిది ప్రశ్నలు. ఎక్కడా రెండు సెకన్లు దాటలేదు.

"సార్, నేను ఆగాననే అనుకున్నాను" అంది.